పసుపు మిమోసా చెట్టును ఆకును బట్టి గుర్తించి పెంచడం ఎలా

దక్షిణ ఫ్రాన్స్‌లోని మధ్యధరా తీరంలోనూ, కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టుపక్కలా, ఇంగ్లండు నైరుతి మూలనున్న కార్న్‌వాల్‌లోనూ జనవరి చివరి నుంచి మార్చి దాకా ఒక చెట్టు ఆకు కనబడనంతగా పసుపు పూలతో నిండిపోతుంది. మిగిలిన చెట్లు అప్పటికి ఇంకా మోడులుగానే ఉంటాయి. ఫ్రెంచివారు, ఇటాలియన్లు దీన్ని మిమోసా అంటారు. దీని పుట్టిల్లయిన ఆస్ట్రేలియాలో వాటిల్ అంటారు. అక్కడ ఋతువులు తిరగబడి ఉంటాయి కనుక మెల్‌బోర్న్ పరిసరాల్లో జూలై నుంచి సెప్టెంబరు మధ్య పూస్తుంది. వృక్షశాస్త్రం ప్రకారం ఇది అకేసియా ప్రజాతికి చెందినది, మన తుమ్మకు దగ్గరి చుట్టం.

చలి తక్కువగా ఉండే ఇలాంటి ఊళ్లలో ఇల్లు కట్టుకున్న తెలుగువారు పెరట్లో ఒక మిమోసాను నాటుకోవాలనుకుంటే నర్సరీకి వెళ్లే ముందే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. పసుపు పూల మిమోసాలు చాలా జాతులున్నాయి, వాటిలో చాలావాటి పూలు చూడడానికి ఒకేలా ఉంటాయి. కానీ ఒకటి సున్నపు నేలలో కొన్నేళ్లకే పాలిపోతుంది, మరొకటి అదే నేలలో నిక్షేపంగా పెరుగుతుంది. ఒకటి పెరటికి పరిమితమై ఉంటుంది, ఇంకొకటి పక్కనున్న అడవిలోకి పాకి అక్కడి మొక్కలను చంపుతుంది. కాబట్టి పూలను చూసి మురిసిపోవడం తరువాత, ముందు ఆకును చూడడం నేర్చుకోవాలి.

గుర్తుపట్టే పద్ధతి

పువ్వు గురించి ముందుగా కొంచెం చెప్పుకుందాం. మనం పువ్వు అనుకునేది నిజానికి పూల గుత్తి. బఠాణీ గింజ కంటే చిన్నదైన ఒక్కొక్క పసుపు బంతిలో, అకేసియా డీల్‌బాటా జాతిలోనైతే, 25 నుంచి 35 వరకు అతి చిన్న పూలుంటాయి. భూతద్దంతో చూస్తే వాటి రేకులు కనిపించీ కనిపించనట్లుంటాయి, మనకు కనిపించే పసుపంతా కేసరాలదే. మన నల్లతుమ్మ పువ్వు కట్టడం కూడా ఇదే. అందుకే పువ్వు ఒక్కటే చూసి జాతి చెప్పడం సాధ్యం కాదు. అది గుండ్రని బంతిగా ఉందా, పొడవాటి కంకిగా ఉందా అన్నంత వరకే పువ్వు మనకు సాయం చేస్తుంది.

మొదట ముల్లు ఉందో లేదో చూడాలి. తోటల్లో పెంచే ఆస్ట్రేలియా మిమోసాల్లో చాలావాటికి ముళ్లుండవు. కణుపు దగ్గర జంట ముళ్లుండి, ఘాటైన తీపి వాసనగల నారింజ ఛాయ పసుపు బంతులు కనిపిస్తే అది కస్తూరితుమ్మ. కొందరు మురికితుమ్మ అనే ఈ చెట్టు శాస్త్రీయ నామం వచెలియా ఫర్నేసియానా. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చిన ఈ చెట్టును ఫ్రాన్స్‌లోని గ్రాస్ పట్టణంవారు అత్తరు కోసం పెంచారు. మన మెట్ట నేలల్లో అది తనంతట తానే పెరుగుతుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మిమోసా అని పిలిచే గులాబీ రంగు కుచ్చుల చెట్టు ఆల్బిజియా జులిబ్రిసిన్, అది వేసవిలో పూస్తుంది, ఆసియా నుంచి వెళ్లింది. అట్లాంటా నర్సరీలో మిమోసా అని అడిగితే ఆ మొక్కే చేతికి వచ్చే అవకాశముంది కాబట్టి శాస్త్రీయ నామంతోనే అడగాలి.

ముళ్లు లేవని తేలాక ఆకు రూపం చూడాలి. మిమోసాల్లో రెండు తెగలున్నాయి. ఒక తెగకు చింతాకులా, నల్లతుమ్మ ఆకులా, నడిమి ఈనెకు ఇరువైపులా రెమ్మలు, ఆ రెమ్మలకు మళ్లీ సన్నని చిట్టాకులు ఉంటాయి. రెండో తెగకు అసలు ఆకు పలక ఉండదు. ఆకు కాడే వెడల్పుగా చదునై ఆకు పని చేస్తుంది. చాలా జాతుల్లో ఈ కాడాకు అంచు ఆకాశం వైపు, పలక పక్కలకు తిరిగి నిలువుగా ఉంటుంది, అందువల్ల మధ్యాహ్నపు ఎండ నేరుగా తగలదు. హైదరాబాదులోనూ, ఆంధ్రలోని రహదారుల పక్కనా కొడవలి ఆకులతో, పసుపు కంకులతో కనిపించే అకేసియా ఆరిక్యులిఫార్మిస్ ఈ రెండో తెగదే.

ఈక ఆకుల తెగలో నాలుగు జాతులు తెలిసి ఉంటే చాలావరకు సరిపోతుంది.

అకేసియా డీల్‌బాటా పూలమ్మే దుకాణాల్లో కనిపించే అసలు మిమోసా. ఆకు బూడిద కలిసిన ఆకుపచ్చగా, లేత కొమ్మలు వెండి నూగుతో ఉంటాయి. ఒక్కో ఆకులో పది నుంచి ఇరవైకి పైగా రెమ్మల జతలు, ఒక్కో రెమ్మలో ఇరవై జతలకు మించి చిట్టాకులు ఉంటాయి, చిట్టాకు పొడవు 5 మిల్లీమీటర్ల లోపే. తోటలో 10 నుంచి 15 మీటర్ల వరకు పెరుగుతుంది.

అకేసియా మియర్న్‌సీని దీనితో పొరబడేవారు ఎక్కువ. ఊటీ, కొడైకెనాల్ వెళ్లినవారు చూసిన వాటిల్ చెట్లలో ఎక్కువ భాగం ఇదే. తేడా తెలియాలంటే ఆకు నడిమి ఈనెను పైవైపు నుంచి భూతద్దంతో చూడాలి. రెమ్మల జత ఈనెను కలిసే చోట ఆవగింజ కంటే చిన్న గ్రంథి ఒకటి బొడిపెలా కనిపిస్తుంది. డీల్‌బాటాలో ప్రతి జత దగ్గరా ఒక్కొక్కటి చొప్పున వరుసగా ఉంటుంది. మియర్న్‌సీలో ఆ చోట్లలోనే కాక, రెండు జతల మధ్య ఖాళీలో కూడా అడ్డదిడ్డంగా అదనపు గ్రంథులుంటాయి. దాని లేత చిగుళ్లు వెండి రంగులో కాక పసుపు నూగుతో ఉంటాయి, పువ్వు లేత మీగడ రంగులో ఉంటుంది, పూత వసంతం చివరికి జరుగుతుంది. కాయలు కూడా సాక్ష్యం చెబుతాయి. మియర్న్‌సీ కాయ గింజకూ గింజకూ మధ్య నొక్కుకుపోయి, కొంతవరకు నల్లతుమ్మ కాయను గుర్తుచేస్తుంది. డీల్‌బాటా కాయ చదునుగా, దాదాపు సమానమైన వెడల్పుతో ఉంటుంది.

అకేసియా డెకరెన్స్‌ను చేత్తో తడిమి గుర్తుపట్టవచ్చు. ఆకు మొదలు నుంచి కొమ్మ వెంట కిందికి దిగే గట్లు వేళ్లకు స్పష్టంగా తగులుతాయి. చిట్టాకులు సెంటీమీటరు వరకు పొడవుండి, ఒకదానికొకటి ఎడంగా, నూగు లేకుండా ముదురు ఆకుపచ్చగా ఉంటాయి. ఇక అకేసియా బెయిలియానా ఆకులో రెమ్మలు రెండు నుంచి నాలుగు జతలే ఉంటాయి, అరుదుగా ఆరు. ఆకు పొట్టిగా, నీలి బూడిద రంగులో, కాడ ఉందా లేదా అన్నట్లు కొమ్మకు అంటుకుని ఉంటుంది. న్యూసౌత్‌వేల్స్‌లోని కూటమండ్ర ప్రాంతానికి చెందిన ఈ చెట్టుకు క్వీన్స్‌లాండ్ వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ మాన్సన్ బెయిలీ పేరు మీదుగా ఆ పేరు వచ్చింది. చిగుళ్లు ఊదా రంగులో ఉండే పర్‌ప్యూరియా అనే రకం దీనిదే. ఎత్తు 5 నుంచి 8 మీటర్లే కాబట్టి చిన్న పెరళ్లకు బాగుంటుంది.

కాడాకుల తెగలో నాలుగు చెబుతాను. అకేసియా రెటినోడిస్‌కు సన్నని పొడవాటి ఆకులుంటాయి. ఏడాదిలో చాలాసార్లు కొద్దికొద్దిగా పూస్తుంది కాబట్టి ఫ్రెంచివారు దీన్ని నాలుగు కాలాల మిమోసా అంటారు. అకేసియా పొడలిరీఫోలియాకు బొటనవేలి గోరును తలపించే కోలగా ఉన్న వెండి ఆకులుంటాయి, శీతాకాలం మొదట్లోనే పూస్తుంది, ఎక్కువ మంచును తట్టుకోలేదు. అకేసియా పిక్నాంథా ఆస్ట్రేలియా జాతీయ పుష్పం, 1988 సెప్టెంబరు 1న అధికారికంగా ప్రకటించారు. అకేసియా లాంజిఫోలియా పువ్వు బంతిగా కాక కంకిగా ఉంటుంది కాబట్టి చూడగానే వేరు చేయవచ్చు.

ఒక జాగ్రత్త. కాడాకుల జాతులు కూడా గింజ నుంచి మొలిచినప్పుడు మొదటి కొన్ని ఆకులను ఈకల్లాగే వేస్తాయి, ఆ తరువాతే కాడ వెడల్పవడం మొదలవుతుంది. కాబట్టి జానెడు మొలకను చూసి జాతి నిర్ణయించకూడదు.

నాటవచ్చా అన్న ప్రశ్న

ఈ చెట్టు అందాన్ని చెప్పేవారు దీని వల్ల జరిగే హానిని చెప్పకపోవడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటిషువారు వంటచెరకు కోసం, ఆ తరువాత తోళ్లు ఊనడానికి పనికొచ్చే బెరడు కోసం వాటిల్ జాతులను నీలగిరులకు తెచ్చారు. అవి నాటిన చోట ఆగలేదు. షోలా అనే అక్కడి సహజ అడవుల మధ్యనున్న పచ్చిక మైదానాలను ఆక్రమించాయి, ఈనాటికీ వాటిని తొలగించే పని సాగుతూనే ఉంది. పోర్చుగల్, స్పెయిన్ దేశాలు డీల్‌బాటాను ఆక్రమణ జాతిగా ప్రకటించాయి, దక్షిణాఫ్రికాలోనూ దానిపై నియంత్రణ ఉంది. మియర్న్‌సీ, సాలిగ్నా జాతులను యూరోపియన్ యూనియన్ నిషేధ జాబితాలో చేర్చింది. కాలిఫోర్నియాలో కూడా డీల్‌బాటా ఆక్రమణ మొక్కల జాబితాలో ఉంది.

కాబట్టి కొనే ముందు స్థానిక వ్యవసాయ శాఖ జాబితా చూడాలి. జాబితాలో ఉంటే ఆ జాతిని వదిలేయాలి. చట్టం అనుమతించినా, ఇంటి వెనక వాగు గాని, అడవి అంచు గాని, ఖాళీ కొండవాలు గాని ఉంటే డీల్‌బాటాను నాటకూడదు. గింజలు నేలలో దశాబ్దాలపాటు చావకుండా ఉంటాయి, నిప్పు తగిలితే గుంపులుగా మొలుస్తాయి. కార్చిచ్చు భయం ఉన్న ప్రాంతాల్లో, ఎండిన ఆకులు, కొమ్మలు తేలికగా అంటుకుంటాయి కాబట్టి, ఇంటి గోడల దగ్గర అసలు పెట్టకూడదు. నీలగిరుల్లో గాని, ఇతర కొండ ప్రాంతాల్లో గాని స్థలం ఉన్నవారు ఏ వాటిల్‌నూ కొత్తగా నాటవద్దు. ఆంధ్ర, తెలంగాణ మైదానాల ఎండల్లో డీల్‌బాటా ఎలాగూ సుఖపడదు, అక్కడ పసుపు బంతులు కావాలనుకునేవారికి కస్తూరితుమ్మ ఉంది.

నేల, అంటు

మిమోసా పెంపకంలో అసలు చిక్కు చలి కంటే సున్నం దగ్గరే ఎక్కువగా వస్తుంది. ఫ్రాన్స్‌లో తానెరోన్ కొండల మీద మిమోసా అంతగా పెరగడానికి కారణం అక్కడి నేల ఆమ్లగుణం కలిగి ఉండడమే. నేలలో సున్నం ఎక్కువైతే డీల్‌బాటా ఇనుమును తీసుకోలేదు. చిగురాకుల్లో ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి పలకంతా పసుపు తిరుగుతుంది, రెండు మూడేళ్లలో కొమ్మల కొసలు ఎండడం మొదలవుతుంది. నాటే ముందు పిడికెడు మట్టిలో కాస్త వెనిగర్ పోసి చూడాలి. నురుగు పొంగితే సున్నం ఉన్నట్లే.

దీనికి పరిష్కారం అంటు మొక్క. సున్నాన్ని తట్టుకునే రెటినోడిస్ వేరు మీద డీల్‌బాటా కొమ్మను అంటు కట్టి అమ్ముతారు. గోలోవా అస్తియే, మిరాందోల్ వంటి పేరున్న రకాలు ఎక్కువగా ఇలాగే దొరుకుతాయి. అంటు మొక్కకు మరో లాభం ఉంది. డీల్‌బాటా తన వేళ్ల నుంచి పిలకలు వేస్తూ తోటంతా పాకుతుంది, రెటినోడిస్ వేరు అంతగా పాకదు. కొనేటప్పుడు కాండం మొదట్లో అంటు కట్టిన ముడి కనిపించాలి, నాటేటప్పుడు ఆ ముడి నేలకు పైనే ఉండాలి. ముడి కింద నుంచి సన్నని కాడాకులతో చిగురు వస్తే అది వేరు మొక్కది, వెంటనే మొదలంటా తుంచేయాలి. అలాగే వదిలేస్తే అదే పైచేయి సాధించి ఈక ఆకుల కొమ్మను ఎండబెడుతుంది. ఆకును చూడడం నేర్చుకున్నవారికి ఈ తేడా దూరం నుంచే తెలుస్తుంది.

గింజ నుంచి పెంచడం

గింజ పెంకు చాలా గట్టిది, మామూలుగా నాటితే ఏళ్ల తరబడి మొలవదు. నీళ్లు మరిగించి పొయ్యి మీద నుంచి దించి, ఉడుకు తగ్గాక గింజల మీద పోయాలి. ఆ నీళ్లలోనే ఒక రాత్రంతా వదిలేస్తే నీళ్లు పీల్చుకున్నవి ఉబ్బి దాదాపు రెట్టింపవుతాయి. ఉబ్బనివాటికి మరోసారి అదే పని చేయాలి, లేదా తొడిమ అంటుకున్న చివరకు అవతలి వైపు గోళ్ల కత్తెరతో కొద్దిగా పెంకు గిల్లాలి. గింజలను పొయ్యి మీద పెట్టి ఉడికించకూడదు.

ఉబ్బిన గింజలను ముతక ఇసుక కలిపిన మట్టిలో ఒక సెంటీమీటరు లోతున, ఒక్కో గింజ ఒక్కో కుండీలో పెట్టాలి. తల్లివేరు త్వరగా దిగుతుంది కాబట్టి కుండీ వెడల్పు కంటే లోతు ముఖ్యం. సుమారు 20 డిగ్రీల వేడిలో రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తాయి. వేరు కుండీ అడుగున చుట్టుకోక ముందే నేలలోకి మార్చాలి. గింజ మొక్క సాధారణంగా మూడో ఏటికో నాలుగో ఏటికో పూస్తుంది. పేరున్న రకాల గింజలు వేస్తే తల్లి లక్షణాలు వస్తాయన్న నమ్మకం లేదు.

నాటడం, నీళ్లు

చలి స్వల్పంగా ఉండే కాలిఫోర్నియా తీరంలో, మధ్యధరా ప్రాంతంలో శరదృతువు వానలతో నాటడం మంచిది, వేసవి వచ్చేలోగా వేళ్లు దిగుతాయి. మంచు పడే చోట్ల వసంతం దాకా ఆగాలి. పెద్ద మొక్క కొంటే త్వరగా పూస్తుందనుకోవడం సహజమే కానీ, మోకాలెత్తు మొక్క నాటితే అది కొద్ది ఏళ్లలోనే పెద్ద మొక్కను దాటిపోతుంది, ఎందుకంటే కుండీలో చుట్టుకుపోయిన వేరు గాలికి చెట్టును నిలబెట్టలేదు.

ఇంటికి, మురుగు గొట్టాలకు కనీసం 5, 6 మీటర్ల దూరంలో, రోజంతా ఎండ తగిలి చలిగాలి తగలని చోట, నీరు నిలవని నేలలో గోతి తీయాలి. గోతి కుండీకి రెట్టింపు వెడల్పు ఉండాలి, లోతు మాత్రం కుండీ అంతే. గోతిలో పశువుల ఎరువు, నత్రజని ఎరువు వేయనక్కరలేదు. తుమ్మ జాతుల వేళ్ల మీద బుడిపెల్లో ఉండే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తుంది, పైనుంచి వేస్తే ఆకు విపరీతంగా పెరిగి కొమ్మలు బలహీనపడతాయి. మొదటి ఏడాది ఒక గుంజ పాతి వదులుగా, తక్కువ ఎత్తులో కట్టాలి.

మొదటి రెండు వేసవుల్లో వారానికోసారి పాదు నిండా, లోతుకు దిగేలా నీళ్లు పెట్టాలి. రోజూ కొద్దికొద్దిగా చిలకరిస్తే వేళ్లు పైపైనే ఉండిపోతాయి. ఆ తరువాత చెట్టు కరువును తట్టుకుంటుంది, కానీ వచ్చే ఏటి పూమొగ్గలు వేసవి చివర్లోనే ఏర్పడతాయి. ఆ నెలల్లో నేల పూర్తిగా ఎండిపోతే ఆవగింజంత మొగ్గలు రాలిపోతాయి, శీతాకాలంలో పూత ఎందుకు లేదో యజమానికి అర్థం కాదు. వాన లేని ఆగస్టు, సెప్టెంబరుల్లో రెండు మూడు వారాలకోసారి నీళ్లు పెట్టడం వృథా కాదు.

కత్తిరింపు, పూకొమ్మలు

కత్తిరింపుకు సరైన సమయం ఒక్కటే, పూలు వాడిన వెంటనే, కాయ పట్టక ముందు. అప్పుడు పూసిన కొమ్మలను మూడో వంతు మేర తగ్గిస్తే కొత్త చిగుళ్లకు వేసవంతా సమయం ఉంటుంది, గింజలు రాలి పక్క స్థలాల్లో మొలవడమూ తప్పుతుంది. శరదృతువులో కత్తిరిస్తే మొగ్గలన్నీ పోతాయి. ఆకులేని ముదురు కొమ్మలోకి లోతుగా కోయకూడదు, ముఖ్యంగా బెయిలియానా ఆ గాయం నుంచి సరిగా చిగురించదు. మిమోసా కలప పెళుసైనది కాబట్టి, చిన్నప్పటి నుంచి ఏటా కొద్దికొద్దిగా కత్తిరించి గుబురుగా ఉంచితే తుపాను గాలికి విరగదు.

ఇంట్లోకి కోసిన పూకొమ్మలు కూడా ఈ కత్తిరింపులో భాగమే అనుకోవచ్చు. దక్షిణ ఫ్రాన్స్‌లోని మాండెలియూ, తానెరోన్ రైతులు మొగ్గలు పసుపెక్కగానే కొమ్మలు కోసి, సుమారు 22 నుంచి 25 డిగ్రీల వేడి, బాగా తేమ ఉన్న గదుల్లో ఒకటి రెండు రోజులు ఉంచి పూయిస్తారు. ఇటలీలో 1946 నుంచి మార్చి 8న స్త్రీలకు మిమోసా కొమ్మ ఇచ్చే ఆచారం ఉంది. ఇంట్లోనైతే కొమ్మ చివర ఏటవాలుగా కోసి, కింది ఆకులు తీసేసి, గోరువెచ్చని నీళ్లలో పెట్టి, పైన వదులుగా ప్లాస్టిక్ సంచి కప్పి ఒక రోజు వెచ్చని గదిలో ఉంచాలి. ఆకుపచ్చగా బిగుసుకున్న మొగ్గలు మాత్రం ఎంత చేసినా విచ్చుకోవు. హీటరు దగ్గర పెడితే బంతులు గంటల్లోనే ముడుచుకుపోతాయి.

చలి, పురుగు

బాగా వేరూనిన డీల్‌బాటా సున్నాకు దిగువన 5 నుంచి 7 డిగ్రీల చలిని కొద్ది గంటలు తట్టుకుంటుంది, మొగ్గలు మాత్రం అంతకంటే ముందే దెబ్బతింటాయి. 1956 ఫిబ్రవరి నాటి చలి ఫ్రెంచి తీరంలో మిమోసాలను పెద్ద ఎత్తున మాడ్చింది. మాడిన చెట్టును వెంటనే కొట్టేయకుండా వేసవి దాకా ఆగాలి, మొదలు నుంచి చిగురు రావచ్చు. అంతకు మించి చలి ఉండే ఊళ్లలో పెద్ద తొట్టిలో బెయిలియానాను పెంచి, శీతాకాలంలో వెలుతురున్న అద్దాల గదిలోకి మార్చుకోవచ్చు.

పురుగుల్లో ముఖ్యమైనది దూది పొలుసు పురుగు. కొమ్మల మీద తెల్లని గాళ్లుగల దూది ముద్దలా కనిపిస్తుంది, అది దాని గుడ్ల సంచి. 1860ల చివర్లో ఇది ఆస్ట్రేలియా అకేసియా మొక్కల వెంట కాలిఫోర్నియా చేరి, అక్కడి నారింజ తోటలను తుడిచిపెట్టేంత పని చేసింది. 1888లో కీటక శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ కెబెలె ఆస్ట్రేలియా నుంచి పంపిన రొడోలియా కార్డినాలిస్ అనే ఎర్రటి చిన్న అక్షింతల పురుగు రెండేళ్లలో దాన్ని అదుపు చేసింది. అది ఇప్పటికీ అదే పని చేస్తోంది కాబట్టి, దూది ముద్దల మధ్య ఎర్రని అక్షింతల పురుగు గాని, దాని పిల్ల పురుగులు గాని కనిపిస్తే మందు కొట్టకూడదు. లేకపోతే కొమ్మలను కత్తిరించి తీసేయడం, చిన్న మొక్కనైతే సబ్బు నీళ్లతో కడగడం సరిపోతుంది.

ఈ చెట్టు ఆయుష్షు తక్కువ, ఇరవై ముప్పై ఏళ్లకు ముదిరిపోతుంది. కొట్టేయవలసి వచ్చినప్పుడు మోడును వేళ్లతో సహా తవ్వి తీయాలి, లేకపోతే చుట్టూ పిలకలు లేస్తాయి. ఆ తరువాత కూడా ప్రతి ఏటా మొదటి వానలయ్యాక, నేల మెత్తగా ఉన్నప్పుడు, పడిన గింజల నుంచి లేచిన మొలకలను జానెడు కాకముందే చేత్తో వేరుతో సహా పీకేయాలి.